సైనిక్‌పురి నుంచి వచ్చిన హ్యాండీ: ఎఫ్‌టీ-60ఆర్ ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

ఈ ఉదయం సైనిక్‌పురిలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లి, ఆయన పుష్కర కాలంగా వాడిన యాయెసు ఎఫ్‌టీ-60ఆర్ హ్యాండీని, అంటే అమెచ్యూర్ రేడియో (హామ్) వాళ్లు వాడే చేతి వైర్‌లెస్ సెట్టును, ఏడు వేల రూపాయలకు తీసుకున్నాను. డబ్బు బల్ల మీద పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టి, "అది తరువాత చూద్దాం బాబూ, ముందు నీ లైసెన్సు చూపించు" అన్నారు. చూపించాను. దాని నకలు ఒకటి తన ఫైల్లో పెట్టుకుని, తెల్ల కాగితం మీద రేడియో సీరియల్ నంబరు, తన కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), నా కాల్ సైన్, తేదీ రాసి, ఇద్దరి సంతకాలూ అయ్యాకే సెట్టు నా చేతికి ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సు లేనివారి చేతిలో ప్రసారం చేయగల సెట్టు ఉండకూడదన్న నియమాన్ని ఆయన తన ఇంటి పద్ధతిగా మార్చుకున్నారు. పాత సెట్టు కొనే ప్రతివారికీ ఇలాంటి అమ్మకందారు దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

నాది రెస్ట్రిక్టెడ్ గ్రేడు, అంటే వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్. ఆయనది వీయూ2, జనరల్ గ్రేడు. చుక్కలు, గీతల మోర్స్ సంకేతాల పరీక్ష కూడా నెగ్గిన తరం. ఆయన గదిలో గోడ నిండా క్యూఎస్ఎల్ కార్డులు, అంటే రేడియోలో మాట్లాడుకున్నామని ధ్రువీకరిస్తూ పంపుకునే కార్డులు, ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని విడిగా ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు: వీయూ4ఆర్‌బీఐ. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్‌కు వెళ్లి, ఆ కాల్ సైన్‌తో ప్రసారాలు సాగిస్తుండగానే 26వ తేదీన సునామీ విరుచుకుపడింది. టెలిఫోన్లు మూగబోయిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఎందరి క్షేమ సమాచారమో ఆ రేడియో మీదుగా ఇళ్లకు చేరింది. పెద్దాయన ఆ కార్డు వైపు చూపించి, "హ్యాండీ చిన్నదే, దానితో చేసే పని మాత్రం చిన్నదనుకోకు" అని మాత్రం అన్నారు.

సెట్టు పరిస్థితి: పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకునే మీట) మీది రబ్బరు అరిగింది, బెల్టు క్లిప్పు లేదు, తెర శుభ్రంగా ఉంది, మీటలన్నీ పలుకుతున్నాయి. ఇది అమెరికాలో ఉన్న ఆయన కొడుకు అక్కడ కొని తెచ్చిన సెట్టు. చార్జరు కూడా అక్కడిదే, 120 వోల్టుల కరెంటుకు చేసినది. మన గోడ ప్లగ్గులోని 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే అది ఆ క్షణంలోనే కాలిపోతుంది కాబట్టి, ఆయన వాడుతూ వచ్చిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరును కూడా సంచిలో పెట్టి ఇచ్చారు.

మంగళవారం రాత్రి

రెండు రాత్రులూ బ్యాటరీతోనే సరిపోయాయి. ఇది ఎఫ్ఎన్‌బీ-83 ప్యాకు: 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఆరు వరుసగా కలిపినది, మొత్తం 7.2 వోల్టులు, కొత్తగా ఉన్నప్పుడు 1400 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం. చార్జి అయ్యాక మల్టీమీటరు పెడితే 8.3 వోల్టులు చూపించింది. ఆ అంకెను చూసి బ్యాటరీ బాగుందనుకోవడం పొరపాటు. బరువు మోయిస్తే కానీ ఎద్దు సత్తా తెలియనట్టు, కరెంటు లాగితే కానీ ప్యాకు సంగతి తెలియదు.

అందుకని 10 ఓముల, 10 వాట్ల తెల్ల సెరామిక్ రెసిస్టరు ఒకటి తీసుకుని, ప్యాకు కొసలకు తీగలతో తగిలించి, స్టీలు పళ్లెంలో పెట్టి, పక్కన గడియారం, నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. 7.2 వోల్టుల దగ్గర ఆ రెసిస్టరు సుమారు 0.72 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఐదు వాట్లకు పైగా వేడి. పది నిమిషాలకు పళ్లెం కూడా చెయ్యి పెట్టలేనంతగా కాలింది. ప్రతి ఐదు నిమిషాలకూ వోల్టేజీ రాసుకున్నాను. ముప్పై నిమిషాల దాకా మెల్లగా దిగి, తరువాత మెట్లు దిగినట్టు పడిపోయింది. సెల్లుకు ఒక వోల్టు, అంటే మొత్తం 6 వోల్టులకు చేరగానే ఆపేశాను. ఇంకా లాగితే బలహీనమైన సెల్లు తిరగబడి (ప్లస్, మైనస్ తారుమారై) పాడవుతుంది. 41 నిమిషాలు పట్టింది. లెక్క వేస్తే దాదాపు 480 మిల్లీ ఆంపియర్ అవర్లు, అసలు సామర్థ్యంలో మూడో వంతు. మళ్లీ పూర్తిగా చార్జి చేసి ఈ రాత్రి రెండోసారి పరీక్షిస్తే 50 నిమిషాలు వచ్చింది. ఇంతకు మించి కోలుకుంటుందని నాకు అనిపించడం లేదు.

సంచి అడుగున ఎఫ్‌బీఏ-25ఏ పెట్టె కూడా కనిపించింది. దానిలో ఆరు మామూలు పెన్సిల్ సెల్లులు పెట్టి సెట్టు నడపవచ్చు. ప్రస్తుతానికి ప్రయోగాలన్నీ ఈ పెట్టెతో, అర వాటు శక్తితో చేస్తాను. ఈ సెట్టులో 5, 2, 0.5 వాట్లు అని మూడు మెట్లు ఉన్నాయి. దగ్గరి పనులకు అర వాటు ధారాళంగా సరిపోతుంది.

శనివారం

కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి, సెట్టులో చానెళ్లను కంప్యూటరు నుంచి రాసే ప్రోగ్రామింగ్ కేబులు తెచ్చాను. ఎఫ్‌టీ-60ఆర్‌లో మైకుకూ స్పీకరుకూ కలిపి ఒకే రంధ్రం ఉంటుంది. దానిలోకి నాలుగు కడియాలున్న 3.5 మిల్లీమీటర్ల పిన్ను వెళ్లాలి. హెడ్‌ఫోను పిన్ను లాగే కనిపిస్తుంది కానీ మూడు కడియాలున్నది పనికిరాదు. కొనేముందు కడియాలు లెక్కపెట్టుకోవాలి.

ఇంటికి వచ్చి విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే డివైజ్ మేనేజరులో పసుపు త్రికోణం, "కోడ్ 10" కనిపించాయి. ఇది కేబుల్లోని యూఎస్‌బీ చిప్పు సమస్య. ఈ రకం చౌక కేబుళ్లలో చాలావాటిలో పీఎల్2303 చిప్పుకు నకలు ఉంటుంది. అసలు చిప్పు తయారీదారు కొత్త డ్రైవర్లు ఆ నకళ్లను గుర్తుపట్టి పని చేయనివ్వవు. కేబులు విసిరేయనక్కరలేదు. లైనక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఏ డ్రైవరూ వేయకుండానే టీటీవైయూఎస్‌బీ0 అన్న పేరుతో పోర్టు వచ్చింది. నా యూజరును డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లోపలికి రాగానే చిర్ప్ సాఫ్ట్‌వేరు ఆ పోర్టును తెరిచింది. చిర్ప్ ఉచితం, దాని మూలం కూడా అందరికీ తెరిచి ఉంది. ఎన్నో కంపెనీల సెట్లను ఒకే పట్టికలో ప్రోగ్రాము చేసుకునే వీలు కల్పించిన ఆ పనికి చిన్న సెట్లు వాడే మనమందరం ఎంతో రుణపడి ఉన్నాం.

సెట్టు మాత్రం ఇంకా మాట్లాడలేదు. పద్ధతి ఇది: సెట్టు ఆపి, కేబులు పెట్టి, మోని మీట నొక్కి పట్టుకుని ఆన్ చేయాలి, పైన ఉన్న డయలు తిప్పి ఎఫ్8 క్లోన్ దగ్గర ఆగాలి, ఎఫ్‌డబ్ల్యూ మీట నొక్కితే సెట్టు క్లోన్ స్థితిలోకి వస్తుంది, చిర్ప్‌లో ఓకే నొక్కాక పీటీటీని ఒక సెకను నొక్కితే సెట్టులోని సమాచారం కంప్యూటరుకు వెళ్తుంది. నాలుగు సార్లు చేశాను, నాలుగు సార్లూ మధ్యలో తప్పు చూపించింది. చివరికి టార్చి వేసి రంధ్రంలోకి చూస్తే కారణం తెలిసింది. ఆ రంధ్రం చుట్టూ మరలు తిరిగిన లోతైన గట్టు ఉంది, కేబుల్ పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగేమో ఆ గట్టు కన్నా లావు. అది అంచు మీదే ఆగిపోయి, పిన్ను చివరి ఒక మిల్లీమీటరు లోపలికి దిగడం లేదు. బ్లేడుతో తొడుగును చుట్టూ పల్చగా చెక్కి, గుడ్డతో తుడిచి మళ్లీ పెడితే ఈసారి "టక్" మన్న శబ్దం వేలికి తెలిసింది. ఐదోసారి నీలి గీత చివరిదాకా వెళ్లింది.

అదే శనివారం, రాత్రి

మొదట చేసిన పని, చదివిన సమాచారాన్ని ఏ మార్పూ లేకుండా తేదీతో ఒక ఫైలుగా దాచడం. రెండు చోట్ల దాచాను. పాత సెట్టు ప్రోగ్రాము చేసే ఎవరికైనా దీన్ని గట్టిగా చెబుతాను: మీ మొదటి చానెల్ రాయకముందే అసలు రూపాన్ని దాచండి, ఎందుకంటే ఒకసారి చెరిపేశాక దాన్ని తిరిగి తెచ్చుకునే దారి లేదు.

వెయ్యి చానెళ్లు పట్టే సెట్టులో నలభై రెండు నిండి ఉన్నాయి. ఈ సెట్టులో చానెల్ పేరుకు ఆరు అక్షరాలే చోటు. పెద్దాయన వాటిని ఎంతో జాగ్రత్తగా వాడుకున్నారు: రిపీటర్లకు (మన ప్రసారాన్ని అందుకుని మళ్లీ దూరానికి పంపే కేంద్రాలకు) ఊరి పేరు, రిపీటరు లేకుండా మిత్రులతో నేరుగా మాట్లాడే సింప్లెక్సు చానెళ్లకు వారి కాల్ సైన్ చివరి మూడక్షరాలు. వాటిలో కొన్ని కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు రాసుకున్న అమెరికా రిపీటర్లు, 146, 147 మెగాహెర్ట్జ్‌లలో ఉన్నవి. ఇవి కాక అమెరికా వాతావరణ వార్తల కోసం కంపెనీ ముందే పెట్టిన 162 మెగాహెర్ట్జ్ చానెళ్లు విడిగా ఉన్నాయి. ఇక్కడ వాటిలో గాలి హోరు తప్ప ఏమీ ఉండదు.

ఇక్కడే నాకు అసలు పని ఏమిటో స్పష్టమైంది. ఈ సెట్టు ఇప్పటికీ అమెరికా లెక్కల్లోనే నడుస్తోంది; చార్జరు నుంచి చానెళ్ల దాకా దాని అలవాట్లన్నీ అక్కడివి. మన దేశంలో మన లైసెన్సుతో రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు, 70 సెంటీమీటర్ల బ్యాండు 434 నుంచి 438 వరకు. సెట్టు మాత్రం రెండు బ్యాండ్లలోనూ ఆ హద్దులు దాటి, 148 వరకూ 450 వరకూ కూడా ప్రసారం చేయగలదు. కాబట్టి ప్రతి వరుసనూ చూసి, మన హద్దులకు బయట ఉన్న ప్రసార చానెళ్లన్నీ తీసేశాను. మిగిలినవాటిలో మిత్రుల చానెళ్లను తీసేయడానికి నాకు చేతులు రాలేదు; వాటిని 900 తరువాతి సంఖ్యల్లోకి జరిపి అలాగే ఉంచాను.

ఆదివారం, సంక్రాంతి సెలవులు

నాతో పాటే పరీక్ష రాసిన మిత్రుడు కుషాయిగూడలో ఉంటాడు, నేను మల్కాజ్‌గిరిలో. ఫోనులో మాట్లాడుకుని ఇద్దరం 145.350కి రావాలనుకున్నాం. ఆకాశం నిండా గాలిపటాలు, ఊరంతా సగం ఖాళీ. మా మేడ మీదికి వెళ్లి డయలు తిప్పి అంకె సరిచేసి పిలిచాను. అతని గొంతు నాకు గరగరల మధ్య వినిపిస్తోంది; నాది అతనికి అసలు వినిపించడం లేదు. అర వాటు చాలలేదేమోనని 5 వాట్లకు మార్చినా అంతే.

"అన్నా, నువ్వు పిలిచినప్పుడు మీ తెర మీద ఏమైనా మారుతోందా?" అని అతను ఫోనులో అడిగాడు. అప్పటిదాకా నేను పిలిచేటప్పుడు తెర వైపు చూడనే లేదు, ఆకాశం వైపు చూస్తున్నాను. ఈసారి చూశాను. పీటీటీ నొక్కిన క్షణంలో 145.350 కాస్తా 144.750 అయింది, వదలగానే మళ్లీ 145.350 వచ్చింది. పక్కన సన్నని మైనస్ గుర్తు. అతను తన సెట్టును 144.750కి తిప్పగానే నా గొంతు దొరికింది.

కారణం ఏఆర్‌ఎస్, అంటే దానంతటదే రిపీటరు ఎడం పెట్టే సదుపాయం. అమెరికా బ్యాండు ప్రణాళికలో 145.2 నుంచి 145.5 వరకు రిపీటర్లు మాట్లాడే చోటు, అవి వినేది 600 కిలోహెర్ట్జ్ కింద. అందువల్ల అక్కడ అమ్మిన సెట్టు ఆ భాగంలోకి రాగానే, అడగకుండానే ప్రసారాన్ని 600 కిలోహెర్ట్జ్ కిందికి జరుపుతుంది. అక్కడివారికి అది సౌకర్యం. మనకు అదే తప్పు దారి. అదృష్టవశాత్తు 144.750 కూడా మన బ్యాండులోనే ఉంది కానీ, వేరెవరో మాట్లాడుకుంటున్న చోట వారికి తెలియకుండా, నాకూ తెలియకుండా పడి ఉండవచ్చు. అది నన్ను చాలాసేపు బాధించింది. సెట్ మోడ్‌లోకి వెళ్లి ఏఆర్‌ఎస్‌ను ఆపి, మైనస్ గుర్తు పోయిందని చూసుకుని, మళ్లీ పీటీటీ నొక్కి అంకె కదలడం లేదని రూఢి చేసుకున్నాకే కాల్ సైన్ పలికాను. అమెరికా నుంచి వచ్చిన సెట్టు చేతికందితే మొదటి రోజే ఇది ఆపండి.

అదే ఆదివారం, సాయంత్రం

మల్కాజ్‌గిరికీ కుషాయిగూడకూ మధ్య మౌలాలి గుట్ట ఉంది. దూరం ఆరు కిలోమీటర్లు కూడా లేకపోయినా ఆ రాతి గుట్ట సిగ్నల్‌కు అడ్డం నిలుస్తుంది. మీటర్లలో ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. పదిహేను మీటర్ల ఎత్తున్న మా మేడకు అది సుమారు 16 కిలోమీటర్లు. అయితే ఈ లెక్క నేల చదునుగా ఉన్నప్పటి మాట. మన హైదరాబాదు నేల లెక్కలు రాళ్లకే తెలియాలి.

హ్యాండీలకు మరో లోటు ఉంది. చిన్న రబ్బరు యాంటెన్నా సగమే; మిగతా సగం సెట్టు పెట్టె, దాన్ని పట్టుకున్న చెయ్యి. ఆ రెండో సగం సరిగ్గా ఉండాలని ఒక తీగ తోక కట్టాను. లెక్క ఇలా ఉంది: 300ను 145తో భాగిస్తే తరంగం పొడవు 2.07 మీటర్లు, అందులో నాలుగో వంతు దాదాపు 52 సెంటీమీటర్లు. తీగలో కొంత తగ్గించాలి కాబట్టి 49 దగ్గర కత్తిరించాను. ఒక కొసకు గుండ్రని రాగి లగ్గు టంకం వేసి, యాంటెన్నా మర మొదట్లో, సెట్టు లోహానికి తగిలేలా బిగించి, మిగతా తీగను కిందికి వేలాడదీశాను. ఖర్చు ఇరవై రూపాయలు కూడా కాలేదు.

మిత్రుడు తన తెర మీది సిగ్నల్ గీతలు చెబుతుంటే మూడు చోట్ల నుంచి పిలిచాను. గదిలోంచి ఏమీ లేదు. మేడ మీద తోక లేకుండా ఒక గీత, మాటలు అరకొర. తోకతో మూడు గీతలు, మాట స్పష్టం. తోకను చేత్తో పట్టుకుని పైకెత్తితే మళ్లీ ఒకటికి పడిపోయింది. నేను మేడ ఈశాన్య మూలకు జరిగితే అతనికి ఐదు గీతలు వచ్చాయి. గుట్ట భుజం పక్కనుంచి దారి దొరికిందనుకుంటున్నాను. చీకటి పడేసరికి పక్క మేడ నుంచి తెగిన మాంజా ఒకటి వచ్చి తోకకు చుట్టుకుంది, దాన్ని విప్పుకుని కిందికి దిగాను.

గురువారం

రిపీటరు పని. ఫ్రీక్వెన్సీని, టోనును (రిపీటరును తెరిచే సన్నని స్వరాన్ని) పాత జాబితాల నుంచి కాక పెద్దాయనకు ఫోను చేసి అడిగి రాసుకున్నాను, ఎందుకంటే ఇవి మారుతుంటాయి. చిర్ప్‌లో డూప్లెక్స్ మైనస్, ఎడం 0.600 అని, అంటే వినే అంకెకు 600 కిలోహెర్ట్జ్ కింద పంపేలా, పెట్టాను. టోను గడిలో "టోన్", "టీఎస్‌క్యూఎల్" అని రెండు ఉంటాయి. మొదటిది మనం పంపేటప్పుడు మాత్రమే ఆ సన్నని స్వరాన్ని కలుపుతుంది; రెండోది రిపీటరు నుంచి కూడా అదే స్వరం వస్తేనే స్పీకరు తెరుస్తుంది. రిపీటరు ఆ స్వరాన్ని తిరిగి పంపకపోతే, టీఎస్‌క్యూఎల్ పెట్టినవారికి ఊరంతా మాట్లాడుతున్నా చెవిటి సెట్టు చేతిలో ఉన్నట్టే. "టోన్" పెట్టాను. రాత్రి తొమ్మిదికి పిలిస్తే పెద్దాయనే పలికారు. "ఐదు బై తొమ్మిది (మాట స్పష్టం, సిగ్నల్ బలం) బాబూ, నా సెట్టు గొంతు నాకే కొత్తగా ఉంది" అన్నారు. సెవెంటీ త్రీ (హామ్‌ల వీడ్కోలు శుభాకాంక్ష) చెప్పుకుని లాగ్‌లో, అంటే సంభాషణల చిట్టాలో, రాసుకున్నాను.

మూడో ఆదివారం

ఈ వారమంతా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం ఐదు చానెళ్లు తయారు చేశాను. అందులోని అమెచ్యూర్ రిపీటరు 145.990 మీద 67 హెర్ట్జ్ టోనుతో వింటుంది, 437.800 మీద మాట్లాడుతుంది. రెండూ మన హద్దుల్లోనే ఉన్నాయి. చిర్ప్‌లో డూప్లెక్స్ గడిలో "స్ప్లిట్" ఎంచుకుంటే వినే అంకె ఒక బ్యాండులో, పంపే అంకె మరో బ్యాండులో పెట్టవచ్చు. కేంద్రం గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, దూరమవుతున్న రైలు కూత మారినట్టు 437 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ పది కిలోహెర్ట్జ్ దాకా పైకీ కిందికీ జరుగుతుంది. అందుకే వినే అంకెలు వరుసగా 437.810, 437.805, 437.800, 437.795, 437.790. రెండు మీటర్లలో ఆ మార్పు మూడున్నర కిలోహెర్ట్జ్‌లోపే కాబట్టి, ఎఫ్ఎంలో అది ఇబ్బంది పెట్టదు. పంపే అంకె ఐదింటిలోనూ 145.990. పేర్లు ఐఎస్ఎస్1 నుంచి ఐఎస్ఎస్5.

ఈ సాయంత్రం నైరుతి నుంచి ఈశాన్యానికి, నడినెత్తికి దగ్గరగా కేంద్రం పోయేదుంది. సెట్టును నిలువుగా కాక కాస్త వాల్చి పట్టుకుని, స్క్వెల్చి (సిగ్నల్ లేనప్పుడు హోరును ఆపే సదుపాయం) తెరిచి ఉంచాను. ఐఎస్ఎస్1 మీద హోరు ఒక్కసారిగా పల్చబడి మాటలు వచ్చాయి. రెండు వీయూ (మన దేశపు) కాల్ సైన్లు, ఇంకొకటి నాకు అందలేదు. నిమిషానికోసారి డయలు ఒక మెట్టు తిప్పుతూ వచ్చాను. సరైన మెట్టు మీద గొంతులోని బొంగురు పోవడం స్పష్టంగా తెలిసింది. మూడో చానెల్ మీద ఖాళీ చూసి, 5 వాట్లతో ఒక్కసారి నా కాల్ సైన్, హైదరాబాదు గ్రిడ్ (పటం మీది చోటును తెలిపే గుర్తు) ఎంకే97 చెప్పాను. ఈ సెట్టు ప్రసారం చేసేటప్పుడు వినలేదు కాబట్టి, నా మాట పైకి చేరిందో లేదో నాకు వెంటనే తెలియదు. పీటీటీ వదలగానే ఎవరో నా కాల్ సైన్‌లో చివరి రెండక్షరాలు పలికి "మళ్లీ చెప్పండి" అని ఆంగ్లంలో అడిగారు. నేను చెప్పేలోగా మరో ఇద్దరు ఒకేసారి పిలిచారు, ఆ తరువాత ఐఎస్ఎస్5 కూడా హోరులో కలిసిపోయింది.

కాల్ సైన్ పూర్తిగా ఇచ్చిపుచ్చుకోలేదు కనుక దీన్ని కాంటాక్టుగా రాయలేదు. లాగ్‌లో "విన్నాను, పాక్షికంగా వినిపించాను" అని సమయంతో సహా రాశాను. రేపు సాయంత్రం కేంద్రం మరోసారి పోయే పాస్ ఉంది, పడమటి దిక్కున కాస్త కిందుగా. ఎఫ్ఎన్‌బీ-83 చార్జికి పెట్టాను.